ఎర్ర మియాటా రోజూ ఆఫీసుకు రావాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటాను. గత నెల 1991 మాజ్డా మియాటా (టాపు తెరుచుకునే రెండు సీట్ల చిన్న కారు) కొన్నాను. ఎరుపు రంగు, 1.6 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్, మీటరు మీద 1,38,000 మైళ్లు. ఆఫీసుకు రానూపోనూ 44 మైళ్లు, రోజూ దీంట్లోనే వెళ్లాలని కోరిక. ఇంట్లో ఇంకో కారుంది, అది మా ఆవిడకీ పిల్లలకీ సరిపోతుంది. చేతిలో 5,000 డాలర్లున్నాయి. 17 అంగుళాల చక్రాలు, కారును బాగా కిందికి దించే కాయిలోవర్లు (స్ప్రింగు, షాకబ్జర్ కలిసుండేవి), చిన్న స్టీరింగ్, వీలైతే టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచేది) అనుకుంటున్నాను. కారు బాగానే నడుస్తోంది. ఇంజన్ వైపు నుంచి కాస్త ఆయిల్ కాలిన వాసన వస్తుంది, వాన పడితే సీటు వెనక కార్పెట్ తడుస్తుంది, ఏసీ పనిచేయదు. ఏది ముందు చేయమంటారు?

జవాబు: మీ జాబితాలో నాలుగు పనులున్నాయి. ఉత్తరం చివర్లో మాటవరసకు అన్నట్టు మూడు లోపాలు చెప్పారు. మేమైతే ఆ మూడింటినే ముందు పెడతాం. రోజూ ఎక్కే బండికి పైన పటారం, లోన లొటారం పనికిరాదు. మూడున్నర వేలు కారును నమ్మకంగా నడిచేలా చేయడానికి, మిగతా పదిహేను వందలు మీ ముచ్చటకు. టర్బోను మాత్రం ఇప్పుడే కొట్టేయండి, ఎందుకో కింద చెబుతాం.

కొన్నది మంచి బండే. 1989 మేలో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఈ మొదటి తరం మియాటా బరువు టన్నుకు కాస్త తక్కువ, శక్తి 116 హార్స్‌పవర్. ఈ తరం కార్లే నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి, అందుకే సామాన్లకు కరువు లేదు. జపాన్‌లో మాజ్డాయే 2018లో ఈ పాత కార్లను తీసుకుని కొత్తగా చేసి ఇచ్చే పని మొదలుపెట్టింది. అప్పటి 185/60 ఆర్ 14 టైరును బ్రిడ్జ్‌స్టోన్‌తో మళ్లీ చేయించింది కూడా. ముప్పై ఏళ్లు దాటిన ఈ బండిని పాడుచేసేవి గట్టిపడిపోయిన రబ్బరు, బయటికి దారి దొరకని నీళ్లు, పాత ఓనర్లు చేసిన అతుకుల పనులు. మీరు చెప్పిన మూడు లోపాలూ మొదటి రెండింటి కిందికే వస్తాయి.

అన్నిటికంటే ముందు బానెట్ ఎత్తి, టార్చిలైటు పట్టుకుని ఇంజన్ ముందు కింద ఉన్న క్రాంక్ పుల్లీని, అంటే ఇంజన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) కొసనున్న చక్రాన్ని, చూడండి. దాని ముఖం మీద గాడులు నాలుగున్నాయా, ఎనిమిదున్నాయా లెక్కపెట్టండి. నాలుగుంటే అది పొట్టి ముక్కు క్రాంక్, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. 1990లోనూ 1991 తొలి భాగంలోనూ వచ్చిన ఇంజన్లకు పొట్టిదే ఉంటుంది, అందుకే మీ 1991 బండి ఏదైనా కావచ్చు. పొట్టి ముక్కులో పుల్లీ బాస్ (పుల్లీని మోసే దిమ్మ) పట్టుకునే జాగా తక్కువ. ఎవరైనా టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసులను తిప్పే పళ్ల పట్టీ) మార్చేటప్పుడు మధ్య బోల్టును సరిగ్గా బిగించకపోతే లోపలి కీ (పుల్లీని క్రాంక్‌కు కలిపి ఉంచే చిన్న లోహపు ముక్క) కొంచెంకొంచెంగా కదిలి, అది కూర్చునే గాడిని తినేస్తుంది. పుల్లీ ఊగడం, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) తనంతట తానే వెనక్కి జారడం, లాగుడు తగ్గడం దీని గుర్తులు. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ నిలకడగా తిరుగుతోందో, బొంగరంలా ఊగుతోందో కాసేపు గమనించండి. ఊగుతుంటే మిగతా ఖర్చులన్నీ ఆపి ముందు దీని సంగతి తేల్చుకోవాలి. అప్పుడు ఈ క్రాంక్‌ను బాగుచేయడం కంటే పొడుగు ముక్కున్న వాడిన ఇంజన్ వేసుకోవడమే నయమనిపించవచ్చు.

ఊగకపోతే టైమింగ్ బెల్టు దగ్గరికి రండి. మార్చినట్టు రసీదు చేతిలో ఉంటేనే మార్చినట్టు, అమ్మినాయన నోటి మాట లెక్కలోకి రాదు. దీని గడువు 60,000 మైళ్లు. ఈ ఇంజన్‌లో ఒక మేలుంది: బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, ఇంజన్ పగలదు. కానీ సోమవారం ఉదయం ఫ్రీవే మధ్య గీతలో ఆగిపోతారు. బెల్టుతోపాటు వాటర్ పంపు, టెన్షనర్, ఐడ్లర్ (బెల్టును బిగువుగా ఉంచి నడిపించే చక్రాలు), క్యామ్ సీళ్లు ఒకేసారి వేయించండి, ఎందుకంటే వీటిలో ఏది తర్వాత కారినా మళ్లీ ముందు భాగమంతా విప్పాల్సిందే. పుల్లీని పట్టుకున్న చిన్న బోల్టులు నాలుగూ తీస్తే ఈ 1.6 ఇంజన్‌లో బెల్టు బయటికి వస్తుంది, మధ్య పెద్ద బోల్టు కదపక్కర్లేదు. పొట్టి ముక్కు క్రాంక్ అయితే ముందు క్రాంక్ సీలు కారుతుంటే తప్ప ఆ పెద్ద బోల్టు జోలికి పోవద్దని మెకానిక్‌కు ముందే చెప్పండి. తీయక తప్పకపోతే కొత్త బోల్టు, కొత్త కీ వేసి, పొట్టి ముక్కుకు 80–87 ఫుట్-పౌండ్లు, పొడుగు ముక్కుకు 116–123 ఫుట్-పౌండ్లు బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. రెండూ ఒకటే అనుకుని పొడుగు లెక్కను పొట్టిదానికి వాడినవాళ్లూ ఉన్నారు, ఎంత బిగిస్తే అంత మంచిదనుకునే పద్ధతి ఇక్కడ కొంప ముంచుతుంది.

బెల్టు ఎక్కించాక చూసుకోవాల్సిన లెక్క ఒకటే: క్యామ్ చక్రాల మీద ఇంటేక్‌కు ఐ, ఎగ్జాస్ట్‌కు ఈ అనే గుర్తులుంటాయి, ఆ రెండింటి మధ్య బెల్టు పళ్లు సరిగ్గా 19 రావాలి. చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ లెక్కపెట్టాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ నడుస్తుంది, కానీ కింద గేర్లలో నీరసంగా, ఐడిల్‌లో (బండి నిలబడి ఉండగా) వణుకుతూ నడుస్తుంది. అప్పుడు సెన్సర్లు మార్చుకుంటూ డబ్బు తగలేసుకోవడం మామూలు.

మీరు చెప్పిన ఆయిల్ వాసన నూటికి తొంభై పాళ్లు సిలిండర్ హెడ్ వెనకుండే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) నుంచే. అది గట్టిపడి ఇటుకలా మారుతుంది, ఆయిల్ ఇంజన్ వెనక గోడ వెంట దిగి గేర్‌బాక్స్ గూడు మీద పడుతుంది. కింద నుంచి చూసినవాళ్లు వెనక క్రాంక్ సీలు పోయిందని తీర్మానించి, గేర్‌బాక్స్ దింపాలని వెయ్యి డాలర్లు చెప్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి. ఓ-రింగ్ కొన్ని డాలర్లు, సెన్సర్‌ను పట్టుకున్న బోల్టు ఒకటే, 12 మి.మీ. తలది. దాన్ని వదులు చేసేముందు సెన్సర్ ఒంటికీ హెడ్‌కీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. సెన్సర్ కాస్త తిరిగినా ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. పాత ఓ-రింగ్‌ను మొలతో గీకి తీయొద్దు, అల్యూమినియం మీద గీత పడితే కొత్తదీ కారుతుంది. ఆ పక్కనే ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు వెళ్లే హీటర్ గొట్టాలు ఇన్నాళ్లూ ఆ ఆయిల్‌లో నాని ఉబ్బి ఉంటాయి, నొక్కితే మెత్తగా ఉన్నవాటిని మార్చేయండి. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా ఇప్పుడే వేయండి, మూలల్లో మాత్రమే కొంచెం సిలికాన్, అంచు పొడుగునా కాదు.

టైమింగ్ సరిచూసుకోవడానికి బానెట్ కింద డయాగ్నసిస్ అని రాసున్న చిన్న నల్ల పెట్టె మూత తీసి టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు రంధ్రాలను తీగముక్కతో కలపండి. ఇంజన్ వేడెక్కి, ఏసీ, లైట్లు ఆపి ఉండాలి. ఐడిల్ నిమిషానికి 850 చుట్ల దగ్గర, ఇగ్నిషన్ 10 డిగ్రీలు ముందుగా ఉండేలా చూడండి. తీగ కలపకుండా చూస్తే కంప్యూటర్ తన సొంత సవరణలు కలిపి చూపిస్తుంది, ఆ అంకె నమ్మలేం.

ఇక డాలస్ ఎండ. రేడియేటర్ పై ట్యాంకు కొత్తప్పుడు నల్లగా ఉంటుంది, పాతబడేకొద్దీ ముదురు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు దిగుతుంది. ఆ రంగు కనిపిస్తే ప్లాస్టిక్ పెళుసెక్కిందనే అర్థం, ముందుగా చెప్పాపెట్టకుండా పైన నిలువుగా పగులుతుంది. ఆగస్టులో సిగ్నల్ దగ్గర పగిలితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య సీలు) కూడా పోతుంది. రేడియేటర్, మూత, థర్మోస్టాట్, పైదీ కిందదీ గొట్టాలు, అన్నీ కలిపి మూడు నాలుగు వందల డాలర్లలో పని. నీళ్లు నింపాక హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, కారు మూతి కాస్త ఎత్తులో ఉంచి గాలి బుడగలు పోనివ్వాలి. గాలి మిగిలితే ముల్లు చల్లగానే చూపిస్తుంది, లోపల హెడ్ కాలుతుంటుంది.

క్లచ్ సంగతి. ఇది ఒకరోజు పొద్దున పెడల్ నేలకంటుకుపోయి చెప్పే రకం. గేర్‌బాక్స్ పక్కన కింద ఉన్న స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా అందుకుని క్లచ్‌ను తోసేది) రబ్బరు టోపీని వేలితో జరిపి చూడండి, తడి ఉంటే పని అయిపోయినట్టే. స్లేవ్ ఒక్కటే మారిస్తే కొత్తదాని ఒత్తిడికి పైన పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ కొన్ని నెలల్లో వదిలేస్తుంది. రెండూ, మధ్యలో రబ్బరు గొట్టం ఒకేసారి మార్చండి.

మీ కార్పెట్ తడి మిగతా అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేది. మెత్తని టాపు మీద పడ్డ నీళ్లు వెనక అంచున రబ్బరు కాలువలోకి దిగి, రెండు వైపులా సీటు బెల్టు స్తంభాల వెనకున్న రంధ్రాల గుండా వెనక చక్రాలకు కాస్త ముందు రోడ్డు మీద పడాలి. ఆ గొట్టాల్లో ఆకులు, దుమ్ము పేరుకుంటే నీళ్లు పొంగి లోపలికొస్తాయి, లేదంటే తలుపు కింద ఉండే సిల్లు పెట్టెలోకి దిగి అక్కడే నిలుస్తాయి. మియాటా తుప్పు పట్టే చోటు ఇదే, వెనక చక్రం ముందు ఆరేడు అంగుళాలు. అది లోపలి నుంచి బయటికి తింటుంది, పెయింట్ మీద పొక్కు కనిపించేసరికి ఇనుము చాలావరకు పోయి ఉంటుంది. టెక్సస్‌లో రోడ్ల మీద ఉప్పు తక్కువే, కానీ మీ బండి అంతకుముందు ఏ ఉత్తరాది రాష్ట్రంలో తిరిగిందో చరిత్ర తీసి చూడండి.

రంధ్రాలు శుభ్రం చేయడానికి గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ దారం మూడడుగులు చాలు. ఇనుప తీగ దూర్చొద్దు, లోపలి గొట్టం చిల్లిపడుతుంది. తర్వాత ఒక్కో వైపు అరలీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి, కింద నేల మీద ధారగా రావాలి. వస్తున్నా కార్పెట్ తడుస్తుంటే కాలువ రబ్బరు చిరిగిందన్నమాట, అది టాపుతోపాటు మార్చాలి. తడిసిన కార్పెట్‌ను ఎత్తి కింది స్పాంజిని బయట ఎండలో రెండు రోజులు పరచండి, పైన మాత్రం ఆరి కింద నానుతూ ఉంటే నేల రేకు పోతుంది. సిల్లు మెత్తబడి ఉంటే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పుట్టీ పూసి రంగేసి ఇస్తామనే షాపు గుమ్మం తొక్కొద్దు. టాపు వెనక అద్దం ప్లాస్టిక్‌ది అయితే టాపు దించేముందు జిప్పు తీసి దాన్ని చదునుగా పరచాలి. చలిలో మడిస్తే పగులుతుంది.

బ్రేకుల్లో రబ్బరు గొట్టాలు నాలుగూ మార్చి ద్రవం కొత్తది ఎక్కించండి. హ్యాండ్ బ్రేకు మరీ పైకొస్తుంటే తీగను బిగించేముందు వెనక క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) సరిచేయాలి: వెనకున్న 14 మి.మీ. బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. ఆలెన్ కీ పట్టే మర ఉంటుంది. చక్రం కదలనంతవరకు కుడి వైపు తిప్పి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. ఇది తెలియక తీగనే లాగి బిగిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూ ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే గీతలు నిండుగా ఉన్నా మార్చేయండి, వానలో గట్టి రబ్బరు మీద వెనక చక్రాలతో నడిచే తేలిక బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం. ప్లగ్ వైర్లు ఈ కారులో త్వరగా పోతాయి. తేమ ఉన్న ఉదయం యాక్సిలరేటర్ నొక్కితే తుమ్మినట్టు ఆగి ఆగి లాగితే ముందు వాటినే అనుమానించండి. గేర్‌బాక్స్‌లో 2 లీటర్ల 75డబ్ల్యు-90 జీఎల్-4 రకం ఆయిల్, డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) 0.65 లీటరు గేర్ ఆయిల్. రెండింటికీ ముందు పై మూత విప్పిన తర్వాతే కింది మూత తీయండి. పైది తుప్పుతో రాకపోతే ఉన్న ఆయిల్ పోయి బండి కదలదు. డిక్కీలో బ్యాటరీ మామూలు రకం వేసి ఉంటే, వాయువు బయటికి పోయే గొట్టం తగిలించారా చూడండి. లేకపోతే యాసిడ్ ఆవిరికి డిక్కీ రేకు తుప్పెక్కుతుంది. మూసి ఉండే ఏజీఎం రకమైతే దిగులు లేదు.

ఏసీ విషయంలో తొందరపడకండి. 1991 బండికి వచ్చింది ఆర్-12 వాయువు, అమెరికాలో దాని తయారీ 1990ల మధ్యలోనే ఆగిపోయింది. షాపులో అమ్మే ఆర్-134ఏ డబ్బా తెచ్చి దానిమీదే కొడితే కొన్నాళ్లు చల్లగా వస్తుంది, తర్వాత కంప్రెసర్ బిగుసుకుంటుంది. పాత మినరల్ ఆయిల్‌ను కొత్త వాయువు తనతో మోసుకెళ్లలేదు, కంప్రెసర్‌కు నూనె అందదు. మిగిలిన ఆర్-12ను గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం, షాపువాళ్లతో యంత్రంలోకి తీయించండి. తర్వాత కొత్త డ్రయర్ (తేమ పీల్చేది), అన్ని ఓ-రింగులు, సరిపోయే ఆయిల్ వేసి, ముప్పావుగంట వాక్యూమ్ పెట్టించి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన ఆర్-12 తూకంలో 80–85 శాతం మాత్రమే నింపించండి. నిండా పోస్తే చల్లదనం పెరగదు, ఒత్తిడి పెరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో 22 మైళ్లు నడపాలంటే ఈ ఖర్చు దండగ కాదు.

ఇక మీ ముచ్చట. 17 అంగుళాల చక్రాలు వద్దు. ఈ బండి అసలు చక్రం 14 అంగుళాలు, అల్లాయ్ అయితే ఒక్కోటి సుమారు 12 పౌండ్లు, హాయిగా తిరిగేది అందుకే. పెద్దవి వేస్తే బరువు, ఫెండర్‌కు రాపిడి, గుంతలో రిమ్ము వంగడం, ఇంజన్‌కు లాగుడు భారం, అన్నీ కలిసొస్తాయి. చూపుకూ నడకకూ కుదిరేది 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, దానిమీద 195/50 ఆర్ 15 టైరు. నాలుగు బోల్టుల వలయం 100 మి.మీ., మధ్య రంధ్రం 54.1 మి.మీ. ఉండాలి. నట్లు 80 ఫుట్-పౌండ్లకు, 50 మైళ్లు నడిపాక మళ్లీ ఒకసారి.

కారును దించడం అంగుళానికి మించొద్దు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ముందు 13 అంగుళాలు, వెనక ఒక పావు అంగుళం ఎక్కువ ఉంటే రోజువారీకి సరిపోతుంది. అంతకంటే దిగితే షాకబ్జర్లకు కదలిక మిగలదు, బంపు స్టాపు (షాకబ్జర్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే దిమ్మ) మీదే కూర్చుని నడుస్తుంది. చౌక కాయిలోవర్ల కంటే మంచి షాకబ్జర్లు, కాస్త పొట్టి స్ప్రింగులు, కొత్త బంపు స్టాపులు మేలు. పాత స్టాపులు ముట్టుకుంటే రాలిపోతాయి. అలైన్‌మెంట్ తిప్పే కింది బోల్టులు బుష్‌లో (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు) బిగుసుకుపోయి ఉంటాయి, పనికి వారం ముందు నుంచి రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. ఒక ముఖ్యమైన మాట: బుష్ బోల్టులు కారును చక్రాల మీద దించాకే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలల్లో చిరుగుతుంది. అలైన్‌మెంట్‌లో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ముందు చక్రాలకు మైనస్ 1 డిగ్రీ, వెనక వాటికి మైనస్ 1.25, మొత్తం టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) అంగుళంలో పదహారో వంతు అడగండి. జాకీ ముందు మధ్య క్రాస్‌మెంబర్ కింద, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టాలి, పొడుగునా పోయే పల్చటి ఫ్రేమ్ పట్టీల కింద పెడితే నొక్కుకుపోతాయి.

స్టీరింగ్ విషయంలో మా అభిప్రాయం వద్దనే. ఈ కారులో ఉన్న ఎయిర్‌బ్యాగ్ అదొక్కటే. చిన్న స్టీరింగ్ వేస్తే అదీ పోతుంది. ఎయిర్‌బ్యాగ్‌ను పనిచేయకుండా చేయడం రిపేరు షాపులకు ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, కాబట్టి నిఖార్సైన షాపు ఆ పనికి ఒప్పుకోదు. ఉన్న స్టీరింగ్‌కే కొత్త తోలు కుట్టించుకోండి. ఆ డబ్బుతో మంచి గేర్ నాబ్, గేర్ లివర్ కింది రబ్బరు తొడుగు వేస్తే, కిందినుంచి క్యాబిన్‌లోకి వచ్చే వేడీ మోతా తగ్గుతాయి. రంగు వెలిసి గులాబీగా మారిందా? పాలిష్ గుడ్డకు ఎరుపు అంటుకుంటే పైన క్లియర్ కోటు (రంగు మీది పారదర్శక పూత) లేదన్నట్టు, పాలిష్‌తోనే చాలావరకు తిరిగొస్తుంది.

టర్బో ఎందుకు వద్దంటే, 1.6 బండ్లకు వచ్చిన డిఫరెన్షియల్‌లో రింగ్ గేర్ 6 అంగుళాలది, 1994 నుంచి 1.8తో వచ్చిన 7 అంగుళాలదంత గట్టిది కాదు. దానికి తోడు క్లచ్, రేడియేటర్, ఇంధనం, కంప్యూటర్ ట్యూనింగ్ అన్నీ మార్చాలి. 1,38,000 మైళ్ల ఇంజన్‌తో అది వారాంతపు బండి అవుతుంది, ఆఫీసు బండి కాదు.

కాగితాల సంగతి కూడా. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు కార్లకు ఏటా సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డాలస్ ప్రాంతంలో పొగ పరీక్ష ఉన్నా 24 ఏళ్లు దాటిన బండికి వర్తించదు. అంటే మీ బ్రేకులు, లైట్లు చూసే నాథుడు మీరే. పాత బండ్లకిచ్చే యాంటిక్ నంబరు ప్లేటు చవకని ఆశపడొద్దు, దాంతో రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు. క్లాసిక్ కార్ల ఇన్సూరెన్సు పాలసీల్లో ఎక్కువభాగం ఆఫీసు ప్రయాణాన్ని ఒప్పుకోవు. మామూలు పాలసీ తీసుకుని, పెట్టిన ప్రతి ఖర్చుకూ రసీదు, ఫోటో దాచండి. రేపు వడగళ్లు పడినప్పుడు విలువ నిరూపించుకోవాల్సింది మీరే.

మొదటి మూడు నెలలు డిక్కీలో ఒక లీటరు ఆయిల్, గాలన్ నీళ్లు, ఫ్యూజులు, 10, 12, 14 మి.మీ. పానాలు ఉంచుకోండి. రాత్రి పైకి లేచే హెడ్‌లైట్లలో ఒకటి మొండికేస్తే బానెట్ ఎత్తి, ఆ లైటు మోటారు మీదున్న చిన్న రబ్బరు మూత తీయండి. లోపలున్న నాబ్‌ను చేత్తో తిప్పితే లైటు లేస్తుంది. తిప్పేముందు రిట్రాక్టర్ ఫ్యూజు పీకేయండి, లేదంటే మోటారు ఉన్నట్టుండి కదిలి వేళ్లు నలుగుతాయి.